మాటా మంతీ: ‘నన్ను చూసి నవ్వారు’

ప్రశ్న: ఎదురింటి ఆయన గురించి చెబుతూ ‘పొద్దున నన్ను చూసి నవ్వారు’ అన్నాను. మా వారు ‘ఎందుకు నవ్వాడు? నీలో ఏం చూశాడు?’ అని కస్సుమన్నారు. నేను చెప్పింది పలకరింపు నవ్వు. తప్పు నా మాటలో ఉందా, ఆయన చెవిలో ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఇద్దరిదీ కాదమ్మా, క్రియది. పెదవి కాస్త కదిలినా, పొట్ట చెక్కలైనా మనం ‘నవ్వారు’ అనే అంటాం. దానికి ‘చూసి’ తోడైతే పలకరింపూ అదే, ఎగతాళీ అదే. పోనీ ‘చిరునవ్వు నవ్వారు’ అందామంటే మీ వారు ఇంకా మండిపడతారు. ‘పలకరింపుగా నవ్వారు’ అనండి, కాఫీ చల్లారకుండా ఉంటుంది.

మా పెళ్లిలో ఫొటో తీసినతను ‘కొంచెం నవ్వండి’ అన్నాడు. అందరూ పెదవులు సాగదీశారు. మా బావమరిది ఒక్కడే పకపకా నవ్వాడు. గోడ మీది ఆ ఫొటోలో ఇప్పటికీ పెళ్లికూతురి కంటే ముందు అతని పళ్లే కనిపిస్తాయి. అడిగితే ‘నవ్వమన్నారు కదా’ అంటాడు. వ్యాకరణం ప్రకారం అతనిదే ఒప్పు.

క్రియ చేయలేని పని మనకు చప్పుళ్లు చేసిపెడతాయి. కిలకిల పిల్లలది. ముసిముసి, కడుపులో ఏదో సంగతి దాచుకున్నవాళ్లది. ఇకిలించడం మాత్రం ఎవరికీ మర్యాద కాదు. భరతుడి నాట్యశాస్త్రం నవ్వును 6 రకాలు చేసింది: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటిదానిలో పళ్లు కనిపించకూడదు, చివరిదానిలో డొక్కలు పట్టుకోవాలి. ఇన్నింటిలో మన ఇళ్లకు వచ్చింది స్మిత, హసితలే, అదీ ఆడపిల్లల పేర్లుగా.

ప్రశ్న: మా కళాశాల వార్షికోత్సవం ‘అట్టహాసంగా’ జరిగిందని పేపర్లో రాశారు. హాసం అంటే నవ్వు కదా? అక్కడ ఎవరూ నవ్వలేదే!
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: సంస్కృతంలో అట్టహాసం అంటే పెద్ద నవ్వే. తెలుగులో నవ్వు జారిపోయి హోరు మిగిలింది, అది ఆర్భాటమైంది. అసలు నవ్వు ‘వికటాట్టహాసం’లో ఉంది. రాక్షస వేషగాళ్లు దాన్ని కాపాడుతున్నారు.

నేను ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘చీరల దుకాణం అట్టహాసంగా ప్రారంభం’ అన్న ప్రకటనలో ఆ మాట కొట్టేసి ‘వైభవంగా’ అని పెట్టాను. మర్నాడు ప్రకటనల విభాగం వారు పిలిచి, ‘వాళ్లు డబ్బిచ్చింది అట్టహాసానికండీ’ అన్నారు. మళ్లీ దాని జోలికి పోలేదు.

ప్రశ్న: నగుమోము, నగుబాటు... రెండింటిలోనూ ఉన్నది ఒకే ‘నగు’నా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒకటే. నవ్వడానికి అది పాత మాట. సరిహద్దు దాటి బళ్లారి వెళ్తే కన్నడంలో రోజూ వినిపిస్తుంది. త్యాగయ్య ఆభేరి రాగ కీర్తనలోని నగుమోములో నవ్వు రాముడి ముఖాన ఉంది. నగుబాటులో నవ్వేది ఊరు, తల దించుకునేది మనం.

‘నగలు’ కూడా దీని చుట్టమేనా అని మీ తదుపరి ఉత్తరం వస్తుందని తెలుసు. తమిళంలో ‘నగై’ అంటే నవ్వు, ఆభరణం కూడా. మిగతాది మీ ఆవిడను అడగండి, చుట్టమే అంటారు.