వేసవి కోర్సు చెప్పబోతున్న డాక్టరమ్మకు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

నువ్వు పంపిన పాఠ్య ప్రణాళిక ఆసాంతం చదివాను. రెండు వారాల కోర్సులో అందరికీ ప్రాథమిక ఆరోగ్యం కావాలన్న 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన మొదలు టెలిమెడిసిన్ వరకు అన్నీ సర్దావు. వాన ఒక్కటే లేదు.

మారుమూల ప్రాంతాల ప్రజారోగ్యం చెప్పడానికి మే నెలంత చెడ్డ నెల మరొకటి లేదు. సెలవులు అప్పుడే కాబట్టి విశ్వవిద్యాలయం అప్పుడే పెడుతుంది, అది మన చేతిలో లేదు. విశాఖలో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా పాడేరు ఘాట్ ఎక్కేస్తారు. మరునాడు జీపు ఎండిన గెడ్డ మీదుగా గూడెం దాకా వెళ్లిపోతుంది. నీ విద్యార్థులు దిగి, చుట్టూ చూసి, "దారి బాగానే ఉంది కదా మేడమ్" అంటారు. అదే గెడ్డ ఆగస్టులో నడుము లోతు పారుతుంది. జ్వరాలు పెరిగేదీ, రోగిని మోయడానికి డోలీ కట్టాల్సి వచ్చేదీ అప్పుడే. కాబట్టి నీ మొదటి పని, వాళ్లు చూస్తున్న ఊరు సగం ఊరేనని తెలియజెప్పడం.

అందుకు ఉపన్యాసం అక్కర్లేదు. ఒక సబ్‌సెంటరు (ఆరోగ్య ఉపకేంద్రం) పరిధి పటం పెద్ద కాగితం మీద గీయించు. అక్కడి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంను, ఊరి పెద్దలను కూర్చోబెట్టి, వానాకాలంలో ఏ దాటు ఎన్నాళ్లు మూసుకుపోతుందో అడిగించి, ఆ చోట్లన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టివేయించు. ఆ తర్వాతే జనాభా ప్రమాణాలు బోర్డు మీద రాయి. మైదానంలో అయిదు వేల మందికి ఒక సబ్‌సెంటరు, కొండ, గిరిజన ప్రాంతాల్లో మూడు వేలకు. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ ముప్ఫై వేలకు, ఇక్కడ ఇరవై వేలకు. కాగితం మీద ఇది ఉదారంగానే కనిపిస్తుంది. ఆ మూడు వేల మంది ఎన్ని గూడేలలో చెదిరి ఉన్నారో లెక్కపెట్టి, ఎర్ర గీతలు పడ్డ పటం మీద అన్నీ చుట్టి రావడానికి ఒక్క మనిషికి ఎన్ని రోజులు పడుతుందో కట్టమను. ఒక పూట మొత్తం దీనికే పోతుంది. పోనీ.

వ్యాధుల విషయానికొస్తే, నీ జాబితాలో తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది తీసెయ్యి. మలేరియా ఒక్కటి నిదానంగా చెప్పు, చాలు. ఆశా కార్యకర్త సంచి తెరిపించి, ఆవిడ అనుమతితో లోపల ఉన్నవి ఒక్కొక్కటే బయట పెట్టించు. వేలి కొన మీద పొడిచి ఒక చుక్క రక్తం తీసే కిట్ ఉంటుంది, ఫలితానికి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. ఫాల్సిపారం రకం మలేరియా తేలితే ఇచ్చే మూడు రోజుల మందు అట్టలకు వయసును బట్టి రంగులుంటాయి. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకు పసుపుపచ్చది, పెద్దలకు తెల్లది. ఆ రంగుల వెనక ఎంత ఆలోచన ఉందో విద్యార్థులనే చెప్పనివ్వు.

అసలు పాఠం మలేరియాలో మరో రకమైన వైవాక్స్ దగ్గర ఉంది. క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. గర్భిణికి, ఏడాది నిండని బిడ్డకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో దానివల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. ఇదంతా వైద్య విద్యార్థులకు కంఠతా వచ్చి ఉంటుంది. నువ్వు అడగవలసింది వేరు. మూడో రోజుకు జ్వరం దిగిపోతుంది. ఒళ్లు తేలికపడ్డాక ఆ మనిషి నాలుగో రోజు పోడు మీదికి వెళ్లిపోతాడు, కలుపు తీసే రోజులైతే రాత్రి కూడా అక్కడి మంచె మీదే. తొమ్మిదో రోజు మాత్ర ఎవరు వేయిస్తారు? కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తే, రిజిస్టరులో అది ఏమని ఎక్కుతుంది? "రోగి సహకరించలేదు" అని ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. ఆ వాక్యం కొట్టేయించి, ఆశా ఇంటి నుంచి ఆ మంచె దాకా నడిచి రమ్మని పంపు. వచ్చాక ఎంతసేపు పట్టిందో రాయమను.

వేసవిలో దొరికే లాభాలూ ఉన్నాయి, వాటిని వదులుకోకు. వానలకు ముందు గోడలకు దోమల మందు కొట్టే విడత జరుగుతుంటే తప్పకుండా చూపించు. గోడ మీది మందు వారాల తరబడి పనిచేయాలి. పండగకో పెళ్లికో ఇల్లాలు మట్టితో అలికిందంటే ఆ గోడకు మందు లేనట్టే. అలకవద్దని చెప్పడం సులువు. పండగ తేదీలు కనుక్కుని పిచికారీ తేదీలు జరపడం కష్టం. ఈ రెండింటిలో ఏది ప్రజారోగ్యం అన్న చర్చ తరగతిలో నువ్వు పెట్టనక్కర్లేదు, దానంతటదే లేస్తుంది.

ఇంకొకటి, ఆ రోజుల్లో కొన్ని ఇళ్ల ముందు మామిడి టెంకలు ఆరబోసి ఉంటాయి. ఆ టెంకల లోపలి జీడి దంచి, నానబెట్టి, వగరు పోగొట్టి, వానాకాలంలో ధాన్యం అడుగంటినప్పుడు జావ కాచుకుంటారు. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో ఆ జావ తిన్నవారు చనిపోయినప్పుడు, అది వాళ్ల అలవాటు అని కొందరు, ఆకలి అని కొందరు దేశమంతా వాదించుకున్నారు. బూజు పట్టిన జీడి ప్రమాదమన్నది నిజం. తడి తగలకుండా దాచే చోటు లేకపోవడమూ, రేషను బియ్యం నెల చివరిదాకా రాకపోవడమూ అంతే నిజం. పిల్లలు "అవగాహన కల్పించాలి" అని రాసుకోబోయే ముందు ఆ ఇంటి అటక ఎలా ఉందో చూడనివ్వు.

గర్భిణుల వసతి గృహానికి తీసుకువెళ్తానన్నావు, మంచిదే. కాన్పు తేదీకి ముందే కొండ దిగి వచ్చి ఉండమనడం ఎర్ర గీతలకు సరైన జవాబు. కానీ అక్కడి సౌకర్యాలు చూసి మెచ్చుకుని వచ్చేయవద్దు. రాలేకపోయిన తల్లుల ఇళ్లకు వెళ్లాలి. పెద్ద పిల్లలకు ఎవరు వండుతారు, మేకలను ఎవరు తోలుతారు, ఆ కారణాలన్నీ అక్కడ దొరుకుతాయి.

మహారాష్ట్రలోని గడ్చిరోలి గురించి ఒక పూట ఉంచు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులకు ఇంట్లోనే, అవసరమైతే జెంటామైసిన్ ఇంజెక్షన్‌తో సహా, చికిత్స అందేలా చేశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. దీన్ని మహానుభావుల కథగా చెబితే పిల్లలు చప్పట్లు కొట్టి మరిచిపోతారు. ఇంజెక్షన్ ఎవరు చేయవచ్చు అన్న తగాదాగా చెప్పు. గదిలో నర్సింగ్ పిల్లలు, వైద్య విద్యార్థులు, సామాజిక శాస్త్రాలవాళ్లు కలిసి ఉంటారు కాబట్టి బాగా వేడెక్కుతుంది.

నడవడిక మాట. ఆశా, ఏఎన్‌ఎం తమకు కుదరదన్న రోజు వెళ్లకండి. సంత రోజు గూడెం ఖాళీగా ఉంటుంది, ఆ రోజు సంతకే వెళ్లండి. అరకు, ముంచంగిపుట్టు వైపు ఆదివాసీ ఒడియా ఎక్కువ వినిపిస్తుంది, కొన్ని గూడేలలో కువి అనే ఆదివాసీ భాష. తెలుగులో అడిగితే మర్యాదకు తల ఊపుతారు, ఆ ఊపును అవుననుకుని రాసుకోవద్దు. కూడా వచ్చే దుభాషి ఆడమనిషి అయితే సగం తలుపులు తెరుచుకుంటాయి. ప్రశ్నపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిప్పకు. అన్ని శాఖలవాళ్లూ ఆ పని చేసి వాళ్ల ప్రాణం తీశారు. వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్ కార్డు ఎవరైనా చూపితే దాని ఫొటో తీయకూడదు, పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ సంగతి గట్టిగా మాట్లాడనూ కూడదు.

పరీక్ష పెట్టాలంటున్నారన్నావు. ప్రతి జట్టూ పీహెచ్‌సీ వైద్యాధికారికి ఒక పేజీ ఉత్తరం రాయాలి. ఆయన దగ్గర ఇప్పుడున్న సిబ్బందితో, ఇప్పుడున్న డబ్బుతో వానలు పడేలోపు చేయగలిగిన ఒకే ఒక్క పని అందులో ఉండాలి. కొత్త భవనం, కొత్త యాప్ అడిగితే సున్నా. ఆ ఉత్తరాలూ, ఎర్ర పెన్సిలు పటమూ నకళ్లు తీసి సబ్‌సెంటరులో ఇచ్చి రా.

ఖర్చుల పట్టికలో దుభాషి కూలి, ఆశాకు ఆ రోజుల భత్యం రాయలేదు నువ్వు. చేర్చు. ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెడితే ఫోను చెయ్యి, నా రోజుల్లో ఏ పద్దు కింద రాసేవాళ్లమో చెబుతాను.

ఇట్లు,
మీ మాస్టారు