ఏ ఏడు వచ్చారో రాయని వ్యాసం

చి. సుధీర్‌కు,

అమెరికా వలసల మీద నీ వ్యాసం చదివాను. అందులో గ్యాస్ స్టేషన్ మనిషి బాగున్నాడు. బాగ్దాద్‌లో వంతెనలు కట్టిన ఇంజనీరు మిషిగన్‌లో డెట్రాయిట్ పక్కన స్టెర్లింగ్ హైట్స్‌లో కౌంటర్ వెనక నిలబడి చిల్లర లెక్కపెడుతూ, నీ చేతిలో పుస్తకం చూసి "ఏం చదువుతున్నావు" అని అడగడం, నువ్వు జవాబు చెప్పేలోపే వెనక లైన్లో ఉన్నవాడు విసుక్కోవడం. ఆ అరపేజీ నిజంగా రాసినవాడివి నువ్వేనా అనిపించింది, ఎందుకంటే తర్వాతి పేజీలో ఇలా రాశావు: "జర్మన్లు కష్టపడి, త్వరగా ఇంగ్లీషు నేర్చుకుని, అమెరికా జనంలో కలిసిపోయి పైకొచ్చారు. ఇరాకీలు గిరిగీసుకుని తమలో తాము ఉండిపోయారు. అందుకే వెనకబడ్డారు." దాని కింద పట్టిక ఒకటి. ఆదాయం, సొంతిల్లు, డిగ్రీలు, పేదరికం. ఎడమ గడిలో జర్మన్ సంతతి, కుడి గడిలో ఇరాకీ సంతతి. అంకెల మీద నాకు కోపం లేదు. ఆ "అందుకే" మీద ఉంది.

పుస్తకానికి పేరు ఏం పెట్టాలి, ఎవరితో ముందుమాట రాయించాలి, ఇంగ్లీషులో కూడా రాయాలా అని ఇంకా ఏవేవో అడిగావు. అవన్నీ పక్కన పెట్టు.

వలస వచ్చినవాళ్ళ గురించి రాసేటప్పుడు ప్రతి సమూహం పక్కనా మూడు విషయాలు ఉండాలని నేను ఎప్పటినుంచో పోరుతున్నాను. ఏ ఏడు వచ్చారు, ఏ చట్టం కింద వచ్చారు, దిగేసరికి చేతిలో ఏముంది. ఈ మూడూ లేని పోలిక నా దృష్టిలో కొట్టేయాల్సిన పోలిక. దీనివల్ల నన్ను చాదస్తుడు అన్నవాళ్ళున్నారు. అననీ.

నీ ఎడమ గడి చూడు. జర్మన్లు పెన్సిల్వేనియాలో జర్మన్‌టౌన్ మొదలుపెట్టింది 1683లో. మన దగ్గర ఔరంగజేబు ఇంకా గోల్కొండ కోట మీదకి రాలేదు. అక్కణ్ణుంచి అల వెనక అల వచ్చింది. జర్మన్ దేశంలో 1848 విప్లవం ఓడిపోయాక చదువుకున్నవాళ్ళు పారిపోయి వచ్చారు, వాళ్ళలో ఒకడైన కార్ల్ షుర్జ్ మిస్సోరీ నుంచి సెనేటర్ అయ్యాడు. 1880ల్లో ఒక్క దశాబ్దంలోనే పద్నాలుగు లక్షలకు పైగా వచ్చారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, పౌరసత్వం తీసుకుంటానని ప్రకటించిన వలసదారుడు కూడా అయిదేళ్ళు సాగుచేస్తే 160 ఎకరాలు అతనివే. కట్టాల్సింది నామమాత్రం రుసుము. ఆ భూమి అంతకుముందు అక్కడి ఆదివాసులది, అది ఎలా ఖాళీ అయిందో నీ వ్యాసంలో లేదు. సరే, అది ఇంకో పెద్ద కథ. కానీ "కష్టపడి" అనే మాట రాసేముందు ఆ 160 ఎకరాలు గుర్తుకు రావద్దూ?

ఇంక "త్వరగా ఇంగ్లీషు నేర్చుకుని" అన్నావు. ఎవరు చెప్పారు నీకు? సిన్సినాటి సర్కారు బడుల్లో 1840 నుంచే జర్మన్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు. 1910 నాటికి కూడా విస్కాన్సిన్‌లో కొన్ని జర్మన్ పల్లెల్లో, అమెరికాలోనే పుట్టి ఇంగ్లీషు రానివాళ్ళు ఉన్నారు. అదే రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో వాళ్ళకి సొంత పత్రికలు, సొంత వ్యాయామశాలలు, సొంత బీరు కంపెనీలు, సొంత చర్చిలు. గిరిగీసుకోవడం అంటే అదే కదా. ఇరాకీ చేస్తే గిరి, జర్మన్ చేస్తే సంస్కృతి పరిరక్షణా?

జనంలో కలవడం కూడా వాళ్ళు ఇష్టపడి ఎంచుకున్న దారి అన్నట్టు రాశావు. 1751లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ జర్మన్లు మనలో కలవకుండా మనల్నే జర్మన్లుగా మారుస్తారని వాపోయాడు. శాక్సన్లు తప్ప మిగతా జర్మన్ల ఒంటిరంగు చామనఛాయ అని కూడా రాశాడు. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. 1918 ఏప్రిల్‌లో జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. ఇలినాయిస్ రాష్ట్రం కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ గని కార్మికుణ్ణి గుంపు చెట్టుకి ఉరేసింది. కేసు నడిచింది, జ్యూరీ అందరినీ వదిలేసింది. మరుసటేడు నెబ్రాస్కా ప్రభుత్వం ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి ఇంగ్లీషు తప్ప వేరే భాష నేర్పడమే నేరం చేసింది. పదేళ్ళ పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పిన మేయర్ అనే టీచరుకి 25 డాలర్ల జరిమానా వేశారు. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1923లో గెలిచాడు. గెలిచేనాటికి ఇళ్ళలో జర్మన్ మాట్లాడటం తగ్గిపోయింది, ఇంటిపేర్లు మారిపోయాయి, బడుల్లో ఆ క్లాసులు పోయాయి. నీ వ్యాసంలో అది "కలిసిపోవడం". భయపడి ఇంటిపేరు మార్చుకున్న మనవణ్ణి నువ్వు విజయగాథలో వేశావు.

కుడి గడికి వద్దాం. 1924 వలస చట్టం దేశాలకి కోటాలు కట్టింది. జర్మనీకి ఏడాదికి 51,227. ఇరాక్‌కి 100. వంద మంది, అంతే. అయిదేళ్ళ తర్వాత జర్మనీ కోటా సగానికి తగ్గించారు, అయినా అది పాతిక వేల పైమాటే. ఈ కోటాల పద్ధతి 1965 చట్టం వచ్చేదాకా నడిచింది. ఈ ఒక్క వాక్యం నీ వ్యాసంలో ఉండుంటే నీ పట్టిక తనంతట తనే కూలిపోయేది. తాత నాటిన మామిడిచెట్టునీ మొన్న పాతిన టెంకనీ పక్కపక్కన నిలబెట్టి కాయలు లెక్కపెడుతున్నావు.

పైగా నీ "ఇరాకీలు" ఒక్కళ్ళు కాదు. డెట్రాయిట్‌కి ముందుగా వచ్చింది మోసుల్ దగ్గర తెల్కేఫ్ ఊరి కల్దియన్ క్రైస్తవులు. ఇంట్లో వాళ్ళ మాట అరబ్బీ కాదు, అరామిక్ అనే పాత భాష. గత శతాబ్దం మొదట్లో కొద్దిమంది వచ్చి చిన్న కిరాణా కొట్లు పెట్టారు, తర్వాత బావమరుదుల్ని, అన్నదమ్ముల పిల్లల్ని పిలిపించుకున్నారు. డెట్రాయిట్‌లో 1967 అల్లర్ల తర్వాత పెద్ద సూపర్‌మార్కెట్లు ఊరు వదిలిపోతుంటే ఆ ఖాళీలో నిలబడింది ఎక్కువగా ఈ కొట్లే. గుండు తగలని అద్దం వెనక కూర్చుని వ్యాపారం చేశారు. కొందరు దోపిడీల్లో చచ్చిపోయారు. నల్లజాతి కొనుగోలుదార్లతో గొడవలూ ఉన్నాయి, తప్పు ఒక పక్కే ఉందని నేననను. వాళ్ళ పిల్లలు ఇప్పుడు డెట్రాయిట్ శివార్లలో డబ్బున్నవాళ్ళుండే వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌లో లాయర్లు, డెంటిస్టులు. ఇంకో సంగతి, 1980లో ఇదే డెట్రాయిట్ సద్దాం హుస్సేన్‌కి నగర తాళంచెవి ఇచ్చి గౌరవించింది, సెవెన్ మైల్ రోడ్డు దగ్గరి కల్దియన్ చర్చికి అతను భారీ విరాళం ఇచ్చినందుకు! ఇలాంటిది దొరికితే వదిలేసి పట్టికలు గీస్తావేమయ్యా?

తర్వాతి దారి వేరు. 1991లో దక్షిణ ఇరాక్‌లో షియాల తిరుగుబాటు అణిచేశాక సౌదీ ఎడారిలో రఫ్హా క్యాంపులో ఏళ్ళ తరబడి మగ్గి వచ్చినవాళ్ళు డెట్రాయిట్ పక్కన డియర్‌బర్న్ చేరారు. కుర్దులు టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ వెళ్ళారు. 2003 యుద్ధం, 2006 తర్వాతి మతకల్లోలం తరిమినవాళ్ళు ఇంకో జట్టు. 2009, 2010 ఆర్థిక సంవత్సరాల్లో ఏటా 18 వేలకు పైగా ఇరాకీ శరణార్థుల్ని అమెరికా తీసుకుంది. అది ఏ కాలమో నీకు తెలుసు. జనరల్ మోటార్స్, క్రైస్లర్ కార్ల కంపెనీలు దివాలా తీసిన ఏడు 2009. మిషిగన్‌లో నిరుద్యోగం దేశంలోకెల్లా ఎక్కువ. దిగిన శరణార్థికి మొదటి నెలల ఖర్చు కింద పునరావాస ఏజెన్సీ చేతికి తలకి 900 డాలర్లు ఇచ్చేవాళ్ళు, అది చాలదని 2010 జనవరిలో 1,800 చేశారు. విమానం టికెట్టు అప్పు అదనం, అది వాయిదాల్లో తీర్చాలి. డాక్టరైతే లైసెన్సు పరీక్షలు మొదటి నుంచి రాయాలి, ఈలోపు టాక్సీ. నీ గ్యాస్ స్టేషన్ ఇంజనీరు ఈ జట్టువాడో, తెల్కేఫ్ మేనమామ పిలిస్తే వచ్చినవాడో నాకు తెలియలేదు. నువ్వు అడగలేదు. అడిగుంటే ఆ అరపేజీ పది పేజీలయ్యేది.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్ లాయరు జనాభా లెక్కల్లో తన మూలం "ఇరాకీ" అనే రాస్తాడని నీకేం తెలుసు? చాలామంది "కల్దియన్" అని రాస్తారు. 2000 లెక్కల్లో అసిరియన్/కల్దియన్/సిరియాక్ అని గీతలతో కలిపి వేరే వర్గమే పెట్టారు. ఆ గీతల కోసం ఎంత వాదన జరిగిందో చదువు, నీ కథ అక్కడే ఉంది. అంటే నిలదొక్కుకున్న పాత కుటుంబాలు చాలావరకు నీ కుడి గడిలోంచి జారిపోయాయి. నిన్న దిగినవాళ్ళ పాలు ఎక్కువైపోయింది. జాతి విషయంలో వీళ్ళందరినీ, మీ జర్మన్లనీ కలిపి ప్రభుత్వం "తెల్లవాళ్ళు" అనే లెక్కపెట్టేది. పశ్చిమాసియా వాళ్ళకి వేరే గడి పెట్టాలని నిర్ణయించింది 2024 మార్చిలో.

ఎడమ గడిలోనూ ఇదే తంతు. 2020 జనాభా లెక్కల్లో దాదాపు నాలుగున్నర కోట్ల మంది జర్మన్ మూలం ఉందని రాశారు. వాళ్ళలో ఎక్కువమందికి ఐరిష్, ఇంగ్లీష్, పోలిష్ ముత్తాతలూ ఉన్నారు. అయిదారు తరాల తర్వాత అది సమాజం కాదు, ఒక గుర్తు. ఆ గుర్తుకి ఆదాయం సగటు తీసి, నిన్న సూట్‌కేసుతో దిగినవాడి పక్కన పెట్టావు. పోల్చాలనే ఉంటే 1890లో మిల్వాకీ చేరిన జర్మన్ కూలి కుటుంబాన్ని పదేళ్ళ తర్వాత చూడు, 2010లో స్టెర్లింగ్ హైట్స్ చేరిన కుటుంబాన్ని అంతే కాలం తర్వాత చూడు. అప్పుడు కూడా తేడాలు తేలతాయి. భాష రాని ఆడవాళ్ళకి పని దొరక్కపోవడం, యుద్ధం చూసిన పిల్లల నిద్ర, బంధువుల కొట్లో జీతం లేని చాకిరీ, ఇవన్నీ నిజాలే, దాచకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఈ దెబ్బ నేను తిన్నాను. 80ల్లో విశాఖపట్నం కంచరపాలెంలో, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళుండే బర్మా క్యాంపు మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కడం, 64లో దుకాణాలు జాతీయం చెయ్యడం, ఒంటిమీద బట్టలతో ఓడెక్కడం, అన్నీ తేదీలతో సహా. ఒక ఆదివారం అనుబంధం ఎడిటరు నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, "ఏళ్ళు ఎందుకండీ, పాఠకులకి టెన్షన్" అన్నాడు. అచ్చులో ఏళ్ళు పోయాయి, చట్టాలు పోయాయి. క్యాంపులో పేదరికం, నీళ్ళ పంపు దగ్గర తగాదాలు, వాళ్ళ నూడుల్స్ మిగిలాయి. అది చదివినవాళ్ళు "ఆ జనం అంతేలెండి" అన్నారు. క్యాంపులో ఒక పెద్దాయన పత్రిక నా చేతికిచ్చి "మేం వచ్చింది రాయలేదేం బాబూ" అన్నాడు. ఆ ఎడిటరు తర్వాత వలసల మీద సెమినార్లకి అధ్యక్షత వహించాడు. ఉపన్యాసంలో మూలాలు, వేళ్ళు, రెక్కలు అన్నీ ఉంటాయి, ఏళ్ళు మాత్రం ఉండవు.

ఇప్పటి ఫ్యాషను ఇంకా ఘోరం. వంటింటి వాసన లేకుండా వలస కథ అచ్చు కాదట. నువ్వూ ఇరాకీ వంటకం డోల్మా వాసనతోనే మొదలుపెట్టావు. మా అమ్మాయి డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో ఉన్నప్పుడు నేనూ ఆ కల్దియన్ కొట్లకి వెళ్ళాను, మన తెలుగు ఆడవాళ్ళు అక్కడ దానిమ్మకాయలు ఏరుకోవడం చూశాను. బిల్లు వేసే కుర్రాడు మన "బాగున్నావా" పట్టేశాడు. బాగానే ఉంటుంది. కానీ అక్కడే మనవాడొకాయన పార్కింగులో నాతో "వీళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదండీ, మనవాళ్ళని చూడండి" అన్నాడు. ఆయన వచ్చింది హెచ్1బి మీద. డిగ్రీ లేనివాణ్ణి దాదాపుగా రానివ్వని దారి అది. వడగట్టి తెచ్చుకున్నవాళ్ళకి డిగ్రీలున్నాయని ఆశ్చర్యపోవడం ఏమిటి! నీ "అందుకే"లో నాకు ఆయన గొంతే వినబడింది, అదీ నా కోపం.

మిషిగన్ గురించి రాస్తూ మోనా హన్నా అటీషా పేరు ఎత్తకపోవడం కూడా వింతగా ఉంది. ఇరాక్ వదిలొచ్చిన దంపతుల కూతురు, ఇంగ్లండులో పుట్టి మిషిగన్‌లో పెరిగింది. 2015లో మిషిగన్‌లోని ఫ్లింట్ ఊరి పిల్లల రక్తంలో సీసం పెరిగిందని ఆసుపత్రి లెక్కలతో నిలబడి చెప్పిన పిల్లల డాక్టరు ఆవిడే. ఆవిణ్ణి విజయానికి ఉదాహరణగా వాడమనడం లేదు, వాడకు. తల్లిదండ్రులు ఏ ఏడు, ఏ చదువుతో బయటపడ్డారో చూడు, సరిపోతుంది.

పట్టిక తీసెయ్. లేదా రెండు గడుల్ని ఏడు గడులు చెయ్, వచ్చిన కాలాన్ని బట్టి. "అందుకే" అని రాసిన ప్రతిచోటా ఒక చట్టం పేరో ఒక సంవత్సరమో పెట్టగలవేమో చూడు, పెట్టలేకపోతే ఆ వాక్యం వదిలెయ్. ఏ పత్రికకి పంపాలో నీ ఇష్టం. నిడివి ఎక్కువైంది, తగ్గించమని వాళ్ళు అడుగుతారు. డోల్మా ఇచ్చెయ్. 1924 ఇవ్వకు.

కొత్త ప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి చేసి ప్రింటు తియ్. ఫోన్లో చదవడం నా వల్ల కావట్లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు
విజయవాడ