తిరుపతిలో మా వీధి కాలువ పనికి ఎంత ఖర్చు పెట్టారో తెలుసుకునేదెలా?

సమాచార హక్కు చట్టం 2005 కింద నగరపాలక సంస్థ పౌర సమాచార అధికారికి తెల్లకాగితం మీద తెలుగులోనే రాసిస్తే చాలు. రుసుము 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అతికించొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని జిరాక్సు జతచేయండి, ఆ రుసుమూ అక్కర్లేదు.

చాలామంది దెబ్బతినేది ప్రశ్న దగ్గరే. ‘కాలువ ఎందుకు నాసిరకంగా కట్టారు?’ అంటే అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు. కాగితాలు అడగండి: ‘ఫలానా డివిజన్, ఫలానా వీధి కాలువ పని అంచనా, ఒప్పందం, ఎం-బుక్ (కొలతల పుస్తకం), చెల్లించిన బిల్లుల నకళ్లు.’ అసలు గుట్టంతా ఎం-బుక్కులోనే. ఎన్ని మీటర్లు, ఎంత లోతు కొలిచి బిల్లు చేశారో అందులో ఉంటుంది. టేపు పట్టుకెళ్లి మీరే కొలిచి చూసుకోవచ్చు. ఊళ్లోని పనులన్నీ ఒకేసారి అడిగితే మాత్రం జాప్యానికి సాకు దొరికినట్టే.

దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల గడువు ఆ తేదీ నుంచే. జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి.