ముందు ఎముకలు, ఆ తర్వాతే పొలుసులు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఊహించి వేసి పంపిన మృగం బొమ్మ పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చూశాను. పొలుసులు ఎంత ఓపిగ్గా వేశావే! ఆ ఓపిక అందరికీ రాదు. కానీ ఆ మృగం నాకింకా బతికున్నట్టు అనిపించలేదు. కొమ్ములు, కోరలు, రెక్కలు, నిప్పు అన్నీ ఉన్నాయి. ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో మాత్రం తెలియడం లేదు. కోరింగ మడ అడవిలో ఉంటుందని రాశావు కదా, మరి ఆ బురదలో దాని కాళ్ళు ఎందుకు దిగబడవు?

కాకినాడలో ఉన్నావు, కోరింగ నీకు పక్కనే. సముద్రపు నీళ్ళు వెనక్కి తీసిన వేళ ఒకసారి వెళ్ళి, స్కెచ్ బుక్కు పట్టుకుని కూర్చో. మడ చెట్ల వేర్లు గాలి కోసం బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య నడిచే జంతువుకి పాదం ఎలా ఉండాలో ఆలోచించు. అక్కడ చేపలు పట్టి తినే బావురుపిల్లికి వేళ్ళ మధ్య కొంత పొర ఉంటుంది. బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపకి కళ్ళు నెత్తి మీద ఉంటాయి, ఒళ్ళంతా నీళ్ళలో ఉన్నా పైన ఏముందో చూసుకోవడానికి. వాటిని ఉన్నదున్నట్టు అతికించమనడం లేదు. ఆ అవయవం అలా ఎందుకుందో పట్టుకుంటే, నీ మృగానికి ఏం కావాలో నీకే తడుతుంది.

రెక్కల సంగతి. గబ్బిలం రెక్క అంటే దాని చెయ్యే. బొటనవేలు విడిగా ఉంటుంది, మిగతా నాలుగు వేళ్ళ మధ్య పొర సాగి ఉంటుంది. నువ్వు నాలుగు కాళ్ళూ ఉంచి వీపు మీద రెక్కలు పెట్టావు. పెట్టకూడదని కాదు, కానీ వాటికి ఇంకో జత భుజాలు, వాటిని ఆడించే కండలు కావాలి. నన్నడిగితే తీసెయ్యమంటాను. అంత దట్టమైన కొమ్మల్లో రెక్కలు విప్పే చోటేది? వెనక కాళ్ళు కూడా సరిచూడు. కుక్క కాలికి వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఈసారి హంపి వెళ్ళినప్పుడు విఠలాలయం స్తంభాల మీది యాళిని చూడు. లోకంలో లేని జంతువు, అయినా ముందుకాళ్ళెత్తి లేచినప్పుడు బరువు ఎటు పడుతుందో రాతిలోనే తెలుస్తుంది.

ఇక పెయింటింగ్. ఖర్చు గురించి టెన్షన్ పడకు, కంప్యూటర్లో బొమ్మలు వేసుకోవడానికి ఉచితంగా దొరికే క్రిటా సాఫ్ట్‌వేర్ నీకు చాలు. ఏ4 సైజులో 300 డీపీఐకి (అంటే అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్ళు పెట్టుకో. మొదట నల్లటి ఆకారం మాత్రమే వెయ్యి, లోపల గీతలు వద్దు. ఆకారం చూసి మీ తమ్ముడు 'ఇదేదో పాకుతోంది', 'ఇదేదో దూకబోతోంది' అని చెప్పగలిగితే ముందుకెళ్ళు. మధ్యమధ్యలో కీబోర్డు మీద ఎం (M) నొక్కి బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి చూసుకో, వంకరలు వెంటనే బయటపడతాయి.

రంగుల కన్నా ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో తేల్చుకో. నీ బొమ్మలో నీడలన్నీ నలుపే, అందుకే చర్మం బొగ్గులా ఉంది. సాయంత్రం ఎండ పసుపుగా పడితే, నీడ వైపు ఆకాశపు నీలం కొంచెం చేరుతుంది. పల్చటి చెవి వెనక నుంచి ఎండ పడితే లోపలి నెత్తురు ఎర్రగా కనబడుతుంది. తడి బురద మీద మెరుపు చిన్నగా, పదునుగా ఉంటుంది. ఎండిన బురదకి అసలు మెరుపే ఉండదు. ఈ తేడా ఒక్కటి బాగా చూపించావంటే సగం పొలుసులు తీసెయ్యొచ్చు. మిగిలినవి వీపు మీద పెద్దవిగా, కీళ్ళ దగ్గర చిన్నవిగా వేసి, పొట్టకి వచ్చేసరికి వదిలెయ్యి. కన్ను, మూతి దగ్గర మాత్రం ఎంత సేపైనా కూర్చో. వెలుగునీడలు సరిగ్గా కుదిరాయో లేదో చూడాలంటే అన్నిటి పైన నలుపు నింపిన లేయర్ (పొర) పెట్టి, ఆ లేయర్ బ్లెండింగ్ మోడ్‌ని, అంటే కింది పొరలతో అది కలిసే తీరుని, 'కలర్'కి మార్చు. బొమ్మంతా బూడిద రంగులోకి వస్తుంది. అప్పుడు కూడా తల వెనకనున్న చెట్లలో కలిసిపోకుండా విడిగా కనబడాలి.

ఈ ఫైలు అలాగే దాచిపెట్టు, చెరిపెయ్యకు. ముందు నల్లటి ఆకారాలు ఓ పది వేసి పంపు, రంగు ముట్టుకోకుండా. అందులో ఏది బురదలో నడవగలదో ఇద్దరం కూర్చుని ఎంచుదాం.

మీ పెద్దమ్మ