విడిపోయిన గర్ల్ గ్రూప్ మళ్ళీ కలిస్తే నమ్మవచ్చా?

విడిపోయిన గర్ల్ గ్రూపులు ఏళ్ల తర్వాత కలిసి డ్యాన్స్ పాట తెస్తే అది పాత పేరును సొమ్ము చేసుకోవడమే కదా అని అడిగారు. చాలాసార్లు అంతే. అయితే కొరియన్ గ్రూప్ ‘కారా’ 2022లో తెచ్చిన ‘వెన్ ఐ మూవ్’ను నేను ఆ జాబితాలో వేయలేను.

‘మిస్టర్’ రోజుల నుంచి వీళ్ళ పాటలు వింటున్నాను. 2009 నాటి ఆల్బమ్‌లో అది ప్రధాన గీతం కూడా కాదు. నడుము తిప్పే స్టెప్పు పుణ్యమా అని జనం నెత్తిన పెట్టుకున్నారు. మరుసటి ఏడాది జపాన్‌లో అడుగుపెట్టిందీ ఆ పాటతోనే. 2013 జనవరిలో టోక్యో డోమ్ అనే భారీ స్టేడియంలో సొంత కచేరీ చేశారు. అంతకుముందు ఏ కొరియన్ గర్ల్ గ్రూపూ అక్కడ చేయలేదు. 2014లో నికోల్, జీయంగ్ వెళ్ళిపోయారు, యంగ్‌జీ చేరింది. 2016కల్లా గ్రూపే ఆగిపోయింది. 2019 నవంబరులో గ్రూపు సభ్యురాలు గూ హారా మరణించాక పాత వీడియోలు చూడటానికి నాకు చాలాకాలం మనసొప్పలేదు.

2022 నవంబరు 29న, గ్రూపు మొదలై పదిహేనేళ్లయిన సందర్భంగా ‘వెన్ ఐ మూవ్’ వచ్చినప్పుడు నేను ముందుగా చూసింది ఎవరెవరు ఉన్నారని. గ్యూరి, సుంగ్‌యన్‌లతో పాటు వెళ్ళిపోయిన ఇద్దరూ ఉన్నారు, వాళ్ళు వెళ్ళాక చేరిన యంగ్‌జీ కూడా ఉంది! ఆమె అంతకుముందు ఆ ఇద్దరితో కలిసి గ్రూపులో పనిచేయనే లేదు. ఇలాంటి కలయికల్లో మధ్యలో చేరినవాళ్ళను మెల్లగా పక్కకు తప్పించి, ‘అసలు సభ్యులు’ అని పోస్టరు వేయడం మామూలే. వీళ్ళు ఆ పని చేయలేదు. హారా స్థానంలోకి కొత్తవాళ్ళనూ తేలేదు. వ్యాపారం లేదని కాదు, కానీ లెక్కలు మాత్రమే చూసుకునేవాళ్ళు ఇలా చేయరనిపించింది.

పాట కూడా ‘మిస్టర్’కు నకలు కాదు. స్నేహితులతో కలిసి రెండూ నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను: పాతదానికి ఆ ఒక్క స్టెప్పు పట్టుబడితే చాలు, చూసేవాళ్ళు ఈల వేస్తారు. ఇందులో అలాంటి అడ్డదారి లేదు, ఐదుగురూ సమంగా ఆడాల్సిందే.

కొత్తగా వినేవారైతే ‘మిస్టర్’, ‘స్టెప్’ తర్వాత దీన్ని వినండి. 2024లో వచ్చిన ‘హలో’లో హారా గొంతు కూడా ఉంది. అది చివరికి పెట్టుకోండి, వరుసలో డ్యాన్స్ పాటల మధ్య ఇరికించకండి.