క్రైస్తవ దృక్పథంతో అమెరికా పాలసీ చదువు: అప్పు చేసే ముందు

ప్రశ్న: మాది ఒంగోలు. సోషల్ టీచరుగా రిటైరయ్యాను, మా బాప్టిస్టు సంఘంలో పెద్దను. మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరంలో ఉంది. అమెరికా ప్రభుత్వం, పబ్లిక్ పాలసీ క్రైస్తవ దృక్పథంతో నేర్పే యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తానంటోంది. వర్జీనియాలోని రీజెంట్ పేరు చెబుతోంది. అది క్రైస్తవ దేశం కాబట్టి చదువయ్యాక అక్కడి ప్రభుత్వంలోనే ఉద్యోగం వస్తుందని దాని నమ్మకం. అప్పు చేసి పంపమంటారా?

జవాబు: మాస్టారూ, ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం. అక్కడి ఫెడరల్ ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరసత్వం ఉండాలి. 1976 నాటి అధ్యక్ష ఉత్తర్వు నుంచీ ఇదే పద్ధతి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లిన పిల్లకు ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి కింద పనిచేయడానికి మామూలుగా 12 నెలలు ఇస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో 24 నెలలు. పాలసీ కోర్సులన్నీ స్టెమ్ కిందికి రావు. 'మీ కోర్సు స్టెమ్ కిందికి వస్తుందా?' అని అడ్మిషన్ ఆఫీసును ఈమెయిల్లో అడిగించండి. కన్సల్టెన్సీవాళ్లు నోటిమాటగా చెప్పేది నమ్మి బ్యాంకుకు వెళ్లొద్దు.

'క్రైస్తవ దేశం' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అక్కడ క్రైస్తవులు ఎక్కువే గాని, రాజ్యాంగం ఆరో అధికరణం ప్రభుత్వ పదవులకు మతపరీక్ష పెట్టకూడదంటుంది. 1791 నాటి మొదటి సవరణ ప్రకారం కాంగ్రెసు ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదు, ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదు. దీనికోసం పట్టుబట్టినవాళ్లలో మీ బాప్టిస్టులే ముందున్నారు. కనెటికట్‌లో అప్పట్లో అధికార సంఘం వేరు, బాప్టిస్టులు మైనారిటీ. డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో తమ గోడు అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాసుకుంటే, 'సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ' అన్న ప్రసిద్ధమైన మాట ఉన్న జవాబు 1802 జనవరి 1న వచ్చింది. ఇది అమ్మాయికి మీరే చెప్పండి, ఎంతైనా సోషల్ మాస్టారు కదా.

అసలు క్రైస్తవ దృక్పథం అంటే ఒక్కటి కాదు. రీజెంట్‌ను 1977లో స్థాపించిన పాట్ రాబర్ట్‌సన్ టీవీ ప్రసంగీకుడు, 1988లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డాడు. అక్కడి గాలి ఎటు వీస్తుందో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ జెస్యూట్లనే కాథలిక్ గురువుల సభవాళ్ల యూనివర్సిటీ. కార్మికుల హక్కుల గురించి 1891లో పోప్ రాసిన లేఖ దగ్గర్నుంచి వచ్చిన కాథలిక్ ఆలోచన వాళ్ల వారసత్వం. కాలిఫోర్నియాలోని పెపర్‌డైన్ చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ వాళ్లది, దాని పాలసీ స్కూలు 1997లో మొదలైంది. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి లేఖ రాసింది కూడా పాస్టరుగానే. అధికారులకు లోబడమనే బైబిల్లోని రోమా 13వ అధ్యాయాన్ని వీళ్లందరూ చదివారు, ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. మీ అమ్మాయి ఏ దారి గురించి అడుగుతోందో నాకు రాయలేదు. బహుశా తనకూ ఇంకా తెలియదేమో.

పాలసీ చదువులో అసలు కష్టం ఎక్కడుంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. మత్తు అలవాటు మాన్పించే కేంద్రాన్ని ఒక చర్చి నడుపుతోంది. ప్రభుత్వ గ్రాంటు ఇవ్వొచ్చా? 1996 సంక్షేమ చట్టం మతసంస్థలకూ ఇలాంటి నిధుల్లో దారి తెరిచింది, 2001లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ వైట్‌హౌస్‌లో దీనికోసం ప్రత్యేక కార్యాలయమే పెట్టాడు. కానీ ప్రభుత్వం నేరుగా ఇచ్చే డబ్బుతో ఆరాధన నడపకూడదు, మతం చూసి మనిషిని తిప్పి పంపకూడదు. మరి ఉదయం ప్రార్థన ఎవరి డబ్బుతో? అదే గదిలో కౌన్సెలింగ్ జరిగితే కరెంటు బిల్లు ఎలా పంచాలి? కేంద్రం వల్ల నిజంగా ఎందరు మానేశారో ఏ లెక్కతో తేల్చాలి? వీటికి వాక్యం తెలిస్తే సరిపోదు, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, బడ్జెట్ రావాలి. అందుకే కోర్సు పేజీ తెరిచి సబ్జెక్టులు లెక్కపెట్టమనండి. ఈ మూడూ గట్టిగా లేకుండా 'దృక్పథం' పేపర్లే నిండి ఉంటే, ఆ డిగ్రీకి మీ ఇల్లు తాకట్టు పెట్టమని నేను చెప్పను.

మీ ఊళ్లోనే ఈ పాఠం ఒకటుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. అన్నం కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం అయిపోయాకే, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ప్రభుత్వ డబ్బు, సంఘం పని, రెంటి మధ్యా గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నే అది. అడ్మిషన్ వ్యాసానికి ఇంతకంటే మంచి సరుకు ఆమెకు వర్జీనియాలో దొరకదు.

నా ఉద్దేశం చెప్పమంటే, ఈ ఏడాదికి అప్పు వద్దు. హైదరాబాద్‌లో కౌటిల్య, బెంగళూరులో నేషనల్ లా స్కూలు పబ్లిక్ పాలసీ మాస్టర్స్ నడుపుతున్నాయి, అప్లై చేయించండి. అమెరికాకూ దరఖాస్తులు పెట్టనివ్వండి, మంచి స్కాలర్‌షిప్ వస్తేనే కదలాలి. సీటు చేతికొచ్చాక, చేరే ముందు క్యాంపస్ నియమాలు చదవండి. కొన్ని క్రైస్తవ విద్యాసంస్థలు విశ్వాస ప్రకటన మీదో, ప్రవర్తనా నియమావళి మీదో సంతకం అడుగుతాయి.

ఈలోగా ఆ మత్తు కేంద్రం ప్రశ్న మీద అమ్మాయిని ఇంగ్లిష్‌లో ఒక మెమో రాసి పంపమనండి. గ్రాంటు ఇవ్వొద్దనే వాదన ముందు రాయాలి, తన అభిప్రాయం ఆ తర్వాతే. రెండు పేజీలు మించకూడదు, మూడో పేజీ నేను చదవను.