సూర్యుడి మీద పరుగెత్తే వలయాలు నిజంగా అలలేనా?

విస్ఫోటనం తర్వాత సూర్యుని కరోనాలో, అంటే దాని వెలుపలి వాతావరణంలో, వలయంలా విస్తరించేవి నిజమైన అలలా, లేక అలలను తలపించే మరేదైనా మార్పా అని మీరు అడిగారు. రెండూ ఉన్నాయని, ఒకదాని వెనుక ఒకటి సాగుతాయని నా దృఢమైన అభిప్రాయం. డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించే నాకు ఈ నమ్మకం ఒక ట్రేసింగ్ పేపరు మీద కుదిరింది.

ఒక వేసవి సెలవుల్లో సూర్యుణ్ణి గమనించే నాసా ఉపగ్రహం ఎస్‌డీఓ తీసిన అతినీలలోహిత చిత్రాలను ఐదేసి నిమిషాల ఎడంతో దించుకుని, ప్రతి చిత్రం నుంచి దాని ముందరి చిత్రాన్ని తీసివేశాను. అలా చేస్తే మారనిదంతా బూడిదరంగులో ఉండిపోయి, మారినది మాత్రమే తెల్లగానో నల్లగానో తేలుతుంది. సూర్యుని వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు కనుక బింబం 14 సెంటీమీటర్లు వచ్చేలా అచ్చు తీయించాను; అప్పుడు కాగితం మీద ఒక్కో సెంటీమీటరు లక్ష కిలోమీటర్లతో సమానం. తెల్లని అంచు వెంట పెన్సిలుతో గీస్తూ పోతే, అది పది నిమిషాల్లో 2 సెంటీమీటర్లు జరిగింది, అంటే సెకనుకు 330 కిలోమీటర్ల పైమాటే. ఆ అంచు ఒక కరోనల్ హోల్ (కరోనాలో నల్లగా కనిపించే పలుచని ప్రాంతం) దాకా వెళ్లి, గట్టుకు తగిలిన చెరువు అలలా వెనక్కు మళ్లింది. కరోనల్ హోల్‌లో ప్లాస్మా, అంటే విద్యుదావేశిత వాయువు, పలుచగా ఉండి అల వేగం హఠాత్తుగా పెరిగిపోతుంది కనుక, నిజమైన అల అయితే అక్కడ అలా మళ్లవలసిందే. ప్లాస్మా పీడనమూ అయస్కాంత పీడనమూ కలిసి నడిపే ఈ అల అయస్కాంత క్షేత్రరేఖలకు అడ్డంగా కూడా సాగగలదు.

దాని వెనుక మరో మసక అంచు అదే పది నిమిషాల్లో 6 మిల్లీమీటర్లే కదిలింది. సెకనుకు 100 కిలోమీటర్లన్నమాట. పది లక్షల డిగ్రీల కరోనాలో శబ్దవేగమే సెకనుకు 150 కిలోమీటర్లకు తగ్గదు కనుక ఇది మొదటి అంచులాంటి వేగమైన అల కానే కాదు. పైకి లేచే ద్రవ్యం క్షేత్రరేఖలను సాగదీస్తున్నప్పుడు ఒత్తిడికి గురైన ప్లాస్మా జాడ అది.

1997లో సోహో అనే అంతకుముందరి సౌర పరిశీలక నౌక ఈ అలలను చూపినప్పుడు దాని కెమెరా రెండు చిత్రాల మధ్య పన్నెండు నిమిషాలో అంతకంటే ఎక్కువో తీసుకునేది. వేగపు అంచు ఆ సందులోంచి జారిపోవడం వల్లనే ఇవి అలలా కావా అన్న వివాదం ఇన్నేళ్లు నడిచిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. వీటిని ‘సౌర సునామీ’ అని పిలిచి జనాన్ని బెదిరించే వార్తలు నాకు నిజంగా బాధ కలిగిస్తాయి, ఎందుకంటే ఈ అల సూర్యుడి దగ్గరే చల్లారిపోతుంది, భూమి వైపు రాగలిగేది విస్ఫోటనంలో ఎగసిన ద్రవ్యం మాత్రమే.

ఎస్‌డీఓ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి, మీరూ కొలిచి చూడండి. అయితే బింబం మధ్యకు దగ్గరగా జరిగిన విస్ఫోటనాన్నే ఎంచుకోండి. అంచుల దగ్గర గోళం వంపు వల్ల దూరాలు కుంచించుకుపోయి, వేగం తక్కువగా తేలుతుంది.